మేడ మీది హాల్లో మా నాయనమ్మ

మా ముత్తాత గోపాలరాయుడు గారు. ఆయన కొడుకు, మా తాత, నరసింహరాయుడు గారు. పెనుగొలను వైపు మాగాణి, మామిడితోటలు చూపు ఆనినంత మేర మావే. తిరువూరుకి ఏ అధికారి వచ్చినా ముందు మా చావడిలో మజ్జిగ తాగి, ఆ తర్వాతే కచేరీకి వెళ్ళేవాడు.

గొప్ప కోసం రాయడం లేదు. మా ఇంట్లో దయ్యాల మాట ఎవరికీ గిట్టేది కాదని చెప్పడానికి రాస్తున్నాను. మడి గట్టున ఏదో తిరుగుతోందని పాలేర్లు భయపడితే మా తాత ఆ గట్టు మీదే మంచం వేయించుకుని వారం రోజులు పడుకున్నారట. నేనూ ఆ ఇంట్లో పెరిగినవాణ్ణే. అరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి. ఒంటి మీద ఒక్క తాయెత్తు కట్టించుకోలేదు.

ఇప్పుడు తిరువూరులో అద్దె వాటాలో ఉంటున్నాను. ఇస్త్రీ లేని బట్టలతో మాత్రం గడప దాటను.

కిందటి వేసవిలో మా వీధిలో ఉండే దేవదానం గారు ఫోను పట్టుకుని వచ్చారు. ఆయన రిటైరైన డ్రాయింగు మాస్టారు. కూతురింటికి వెళ్ళినప్పుడు ఆ నగరంలో పాత దివాణంలో ఉన్న చిత్రకళా మ్యూజియం చూసొచ్చారు. ఫోటోలు జరుపుతూ ఒక దగ్గర ఆగారు.

"రాయుడు గారూ, ఈవిడ ముక్కు చూడండి. మీ ముక్కు పట్టుకుపోయి అక్కడ తగిలించారండి."

నేనూ నవ్వి, ఫోను తిరిగి ఇచ్చేశాను. అది మా నాయనమ్మ సుభద్రాయమ్మ గారి పటం. పెళ్ళయిన కొత్తలో వేయించింది. మఖమలు కుర్చీలో, ఒంటి నిండా నగలతో ఉంటుంది. దాని కింద చీటీ మీద "పేరు తెలియని స్త్రీ" అని ఉంది.

పేరు తెలియకపోవడానికి కారణం నేను. ఇరవై ఏళ్ళ కిందట ఇల్లు చేజారుతున్న రోజుల్లో ఆ పటం అమ్మింది నేనే. ఫలానా వారి ఇంటి ఇల్లాలి పటం బజారుకెక్కిందని ఎవరూ అనుకోకూడదని, ఆమె పేరు చెక్కి చట్రానికి బిగించిన ఇత్తడి బిళ్ళని ముందురోజే ఊడదీసి దాచుకున్నాను. పరువు కాపాడాననుకున్నాను.

వారం తర్వాత ఆ బిళ్ళ జేబులో వేసుకుని విజయవాడ బస్సెక్కాను. అక్కడి నుంచి రైలు. బిళ్ళ ఇచ్చేద్దామని గట్టిగా అనుకోలేదు. ఇస్తే అమ్మింది ఎవరో కూడా చెప్పాలి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నాకు ముందు మా అమ్మకి ముగ్గురు పుట్టి పోయారు. నేను పుట్టగానే మా నాయనమ్మ నన్ను పెరట్లో ఎంగిలి విస్తళ్ళ కుప్ప మీద పడుకోబెట్టి, చేటెడు తవుడుకి చాకలి మనిషికి అమ్మి, ఆ పూటే తిరిగి కొనుక్కుంది. పారేసిన బిడ్డ మీద చావు కన్ను పడదని మా వైపు ఆచారం. అలా పుట్టిన పిల్లలకి పుల్లయ్య అని పేరు పెడతారు. కాగితాల్లో నా పేరు విజయగోపాలరాయుడు. నాయనమ్మకి మాత్రం నేను పుల్లయ్యని.

ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు అన్నం క్యారేజీ మర్చిపోతే ఆమే బడి గేటు దాకా తెచ్చి "పుల్లయ్యా" అని పిలిచింది. పక్కవాళ్ళు నవ్వారు. "మా పాలేరుని పిలుస్తోందిరా" అన్నాను. ఆమెకి వినపడింది. క్యారేజీ గేటు దగ్గర పెట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ పేరుతో ఇంట్లో తప్ప బయట ఎక్కడా పిలవలేదు. ఆమె పోయాక పిలిచేవాళ్ళే లేరు.

మ్యూజియం చేరేసరికి పదకొండు దాటింది. ఎత్తు స్తంభాలు, రంగు అద్దాల కిటికీలు, చెక్కమెట్లు. అలాంటి ఇంట్లోకి టికెట్టు కొనుక్కుని వెళ్ళడం నాకు కొత్త. పటం మేడ మీద మూడో హాల్లో ఉంది. అక్కడ ఎస్తేరు అనే ఆమె కాపలా. యాభై ఏళ్ళుంటాయి. గుడివాడ వైపు మనిషినని తర్వాత చెప్పింది.

పటం ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆమె దగ్గరికొచ్చి, "ఏ ఊరండి?" అంది. తిరువూరు అన్నాను.

"అయితే పుల్లయ్య గారు మీరేనా?"

"కాదు. నా పేరు విజయగోపాలరాయుడు."

ఆలోచించకుండానే అనేశాను. జన్మంతా అలాగే అన్నాను.

"ఏమీ అనుకోకండి సార్. ఒక పెద్దావిడ వస్తుందిలెండి. తెల్లచీర. మా పుల్లయ్య తిరువూరు నుంచి ఎండన పడి వస్తాడు, మంచినీళ్ళు ఇవ్వమ్మా అని రోజూ అదే పోరు. ఇదిగో, ఈ పటం కిందే నేల మీద కూర్చుంటుంది. కుర్చీ వేస్తానంటే వద్దంటుంది. పీట లేదా అంటుంది. పీటలెక్కడివి పెద్దమ్మా, ఇదేమన్నా పెళ్ళివారిల్లా అంటే నవ్వుతుంది."

"టికెట్టు కొనుక్కునే వస్తుందా?" అన్నాను.

"ఆ వయసు మనిషిని టికెట్టేం అడుగుతామండి."

మా నాయనమ్మ కుర్చీ ఎక్కి కూర్చోగా నేను ఎన్నడూ చూడలేదు. మోకాళ్ళు పట్టేసినా పనసచెక్క పీట మీదే కూర్చునేది. నాకు నీళ్ళు పోసినా, అన్నం కలిపి పెట్టినా దాని మీదే. పటంలో ఉన్నది పదహారేళ్ళ పడుచు. దాన్ని చూసిన వాళ్ళెవరికీ పీట సంగతి తెలిసే వీలు లేదు.

నేను మెట్లు దిగి గేటు దాకా వెళ్ళాను. గేటు దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. అన్నం క్యారేజీ గుర్తొచ్చింది. తిరిగి మెట్లెక్కాను.

"అమ్మా, పుల్లయ్యని నేనే."

"మరి ఇందాక కాదన్నారే?"

"అలవాటమ్మా."

ఆమె తన సీసాలోంచి గ్లాసు నిండా నీళ్ళు పోసి ఇచ్చింది. అవి తాగి, ఆ పటం కింద నేల మీద కూర్చున్నాను. ఇస్త్రీ అంతా నలిగిపోయింది. ఎవరో కాలేజీ పిల్లలు నన్ను తప్పుకుని వెళ్ళారు. ఇన్నేళ్ళలో ఏ ఇంట్లోనూ నాకు అంత నిమ్మళంగా అనిపించలేదు.

తర్వాత ఆఫీసు గదిలో బిళ్ళ ఇచ్చాను. ఎవరి ఇల్లో, ఎవరు అమ్మారో, పేరు ఎవరు దాచారో నా నోటితోనే చెప్పాను. అక్కడి ఆయన బిళ్ళ తెచ్చి చట్రానికి ఆనించి చూశారు. నాలుగు మేకుల గుంటలూ సరిపోయాయి.

పెద్దావిడ గురించి కింది గేటు వాళ్ళని అడిగాను. అలాంటి మనిషిని చూసిన గుర్తు లేదన్నారు. హాలు తాళం ఎస్తేరు దగ్గరే ఉంటుంది. పొద్దున్నే తలుపు తీసేది ఆమే. తీసేసరికే ఆవిడ లోపల కూర్చుని ఉండేదట. వెనక మెట్ల వైపు తలుపు నుంచి వచ్చి ఉంటుందిలే అనుకుందట. ఆ తలుపుకి అడ్డంగా బీరువా ఉంది. నేనే వెళ్ళి చూశాను.

పుల్లయ్య అనే పేరు దేవదానం గారు చెప్పారేమో అనుకున్నాను. ఆయనకి ఆ పేరు తెలియదు. ఆయనే కాదు, బతికున్న వాళ్ళెవరికీ తెలియదు.

రెండు నెలల తర్వాత ఎస్తేరు ఫోను చేసింది. చీటీ మార్చారట. "సుభద్రాయమ్మ గారు, పెనుగొలను" అని ఉందట. పెద్దావిడ మాత్రం నేను వచ్చి వెళ్ళిన మర్నాటి నుంచి రావడం లేదట. "ఒంట్లో ఎలా ఉందో ఏమో సార్" అంది. బాగానే ఉంటుందిలే అన్నాను.

దయ్యం అనే మాట ఇప్పటికీ నా నోట రాదు.

పటం అమ్మిన రోజునే చావడి తలుపులు, రెండు భోషాణాలు, ఇత్తడి గంగాళం కూడా అమ్మాను. ఆ పనసచెక్క పీట వాటితో పాటే పోయింది.