కామాఠిపుర గోడలో నీళ్లు నడిచిన దారి

ఎనభైల్లో హైదరాబాద్‌లో పరిశోధన చేస్తూ, రాతి పొరల్లో నీళ్లు ఎలా పారుతాయో కంప్యూటర్‌తో లెక్కగట్టేదాన్ని. నా లెక్కలో నీళ్లు అవతలి కొసకు చేరేలోపే ప్రయోగశాలలో అలాంటి పొరలే పేర్చిన ఇసుకపెట్టెలో ఎప్పుడో చేరిపోయేవి. "ఈసారీ లెక్క, ప్రయోగం కలవకపోతే అంశం మార్చుకో" అన్నారు మా గైడు. బొంబాయిలో ఒక పెద్ద కంప్యూటర్ మీద నాకు ఒకే ఒక్క గంట దొరికింది. దానికోసమే ఒకరోజు ముందుగా బయల్దేరాను.

మధ్యాహ్నం రైలెక్కితే మర్నాడు పొద్దున్నే దాదర్. అక్కడ పశ్చిమ లైనుకు మారి, చిల్లర డబ్బుల టికెట్‌తో గ్రాంట్ రోడ్ చేరాను. తూర్పు వైపు దిగి పావుగంట నడిస్తే కామాఠిపుర. నాన్న చిన్ననాటి స్నేహితుడు ఎల్లయ్య మామ అక్కడ, గదికో కుటుంబం ఉండే ఒక చాల్‌లో ఉండేవాడు. మక్తల్ నుంచి వలసొచ్చిన తాపీమేస్త్రీ. బాలమ్మత్త వేడి జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టి, "మంచిగ తిను బిడ్డా, నీ మిషన్ యాడికి పోదు" అంది.

తొమ్మిదింటికి పక్కింటి లక్ష్మి మామను పిలిచింది. ఆమె ఒంటిగది ఖోలీలో గోడంతా చెమ్మ. మామ గోడ తట్టి చూసి, పై అంతస్తులో మూడు గదుల అవతల, గిన్నెలు, బట్టలు కడిగే మోరీ దగ్గరికి నడిచాడు.

"నీళ్లు నా ఖోలీల కారుతుంటె గంత దూరం పోతవేంది?" అంది లక్ష్మి.

"ఈడ కనవడ్డయని ఈడనే దిగినయా? ఇటికెల నడ్మ సున్నం యాడ వదులైతె నీళ్లు గటే పోతయ్."

మోరీలో నీలిమందు కలిపిన నీళ్లు పోశాడు. అందరం లక్ష్మి గోడ ముందు నిలబడ్డాం. గంట గడిచాక సన్నటి నీలి గీత మెల్లగా గోడ మీదికి తేలింది. లక్ష్మి చప్పట్లు కొట్టింది. నేనైతే అరిచేశాను!

నా తప్పు ఆ గీతలో కనబడింది. లెక్కలో నేను రాతిని పెద్ద గళ్లుగా విడదీసి, గడికో సగటు అంకె ఇచ్చాను. లోపలి సన్న పొరలన్నీ ఆ సగటులో మాయమయ్యాయి. పోనీ అన్నిటినీ సన్నగా విడదీద్దామంటే ఏ కంప్యూటరూ మోయలేదు. చేయాల్సింది వేరు. ముందు ప్రతి పెద్ద గడి లోపల ఒక చిన్న లెక్క చేసి, నీళ్లు అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత పోతాయో తేల్చాలి. ఆ స్వభావాన్నే పెద్ద గడికి ఇవ్వాలి.

వెంటనే బస్సెక్కి కంప్యూటర్ కేంద్రానికి వెళ్లి, సాయంత్రం దాకా కొత్త లెక్కను కంప్యూటర్ చదివే కార్డుల మీద పంచ్ చేశాను. మర్నాడు పదింటికి నా గంట మొదలైంది. కాగితం మీద వచ్చిన గీతను ఇసుకపెట్టె గీత మీద పెట్టి చూస్తే, రెండూ దాదాపు ఒకటే!

మధ్యాహ్నానికి చాల్ మెట్లు రెండేసి ఎక్కుతూ, "మామా, కలిసింది!" అని కేకేశాను. సంగతంతా విని ఆయన పడీపడీ నవ్వాడు. "గోడంత ఒక్కతీరుగ ఉండదని చెప్పెటందుకు గంత పెద్ద మిషన్ కావాల్నా బిడ్డా?" బాలమ్మత్త జిలేబీ తెప్పించి అంతస్తంతా పంచింది.

అలాంటి ఆలోచన అప్పటికే ఇంకెందరికో వచ్చి ఉండొచ్చు. నాకు మాత్రం అది ఆ గోడ ముందే తట్టింది. దగ్గరగా చూడటానికి ఓపిక ఉన్నవాళ్ల దగ్గర చదువు దొరుకుతుందని అప్పుడే తెలిసింది. నా థీసిస్ కృతజ్ఞతల పేజీలో మొదటి పేరు ఎల్లయ్య మామది.

కామాఠిపురకు వెళ్లేవాళ్లకు ఒక సలహా: అక్కడ గల్లీకి నంబరుంటుంది గానీ, గల్లీలో చాల్‌లు చాలా ఉంటాయి. చాల్ పేరు, అంతస్తు కూడా రాసుకుని, జనం పనులకు బయల్దేరే వేళకు చేరుకోండి. మామలా వలసొచ్చిన మనవాళ్లు అక్కడ చాలామంది; తెలుగులో అడగండి, తలుపు దాకా తీసుకెళ్తారు.