చచ్చిన తాతగారు మళ్ళీ దగ్గిన సినిమా

ముందే చెబుతున్నాను, ఈ కథలో ఒక పెద్దమనిషి గుండె పట్టుకుని చచ్చిపోయి, కాసేపటికి లేచి కూర్చుని దగ్గుతాడు. ఆ పాపం నాది. దానికన్నా పెద్ద పాపం ఇంకొకటుంది. అక్కడికి వచ్చేసరికి మీరు నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోండి, నేను ఇన్నేళ్ళుగా తిట్టుకుంటూనే ఉన్నాను.

ఎనభైల మొదట్లో ఒహాయోలో చదువుకుంటున్న రోజులు. అప్పట్లో తెలుగు సినిమా చూడటమంటే మాటలా! ఊళ్ళో తెలుగువాళ్ళందరం కలిసి ప్రింట్ తెప్పించుకుని, శనివారం మధ్యాహ్నం యూనివర్సిటీ హాల్లో వేసుకునేవాళ్ళం. తర్వాత ఆ ఫిల్ము డబ్బాలు ఇంకో ఊరు వెళ్ళిపోయేవి. ఈసారి ప్రొజెక్టర్ ఎవరు నడుపుతారని అడిగితే నేను చెయ్యెత్తాను.

"నీకొచ్చా ఏమిటోయ్?" అన్నారు ఫిజిక్స్ ప్రొఫెసర్ గారు.

"భలేవారే, మా ఊరి టాకీస్ ఆపరేటర్ మా పక్కింటాయనేనండీ!"

పక్కింటాయన ఆపరేటరైతే నాకెలా వస్తుందని అంత చదువుకున్నవాళ్ళలో ఒక్కరూ అడగలేదు.

ప్రింట్ వచ్చింది. నాలుగు పెద్ద రీళ్ళు, నాలుగు రేకు డబ్బాలు. నంబర్లు మూతల మీద రాసి ఉన్నాయి. పనిమంతుడిలా కనబడాలి కదా, మూతలన్నీ తీసి పక్కన పెట్టాను. సరిగ్గా అప్పుడే రాజ్యలక్ష్మి అక్కయ్యగారు వేడివేడి మిరపకాయ బజ్జీలతో వచ్చింది. ప్రతి ఆదివారం మా స్టూడెంట్లందరికీ కడుపునిండా అన్నం పెట్టే మహాతల్లి. సినిమాలంటే ప్రాణం. ఏ సీన్ తర్వాత ఏ సీనో అడిగితే నిద్రలో లేపినా చెప్పేది.

"ప్లేట్లేవిరా సూరీ? చెయ్యి కాలిపోతోంది!"

ప్లేట్లెక్కడివి? రెండు మూతలు తిరగేసి పట్టాను. బజ్జీలు తిన్నాం, నూనె తుడిచాను, మూతలు మళ్ళీ పెట్టేశాను. దేని మూత దేనికి పెట్టానో ఆ భగవంతుడికే తెలియాలి.

సినిమా ఏమిటంటే, చిన్నప్పుడు తప్పిపోయిన కొడుకుని నేనేనంటూ ఒక మోసగాడు పెద్దింట్లో దిగుతాడు. రెండో రీల్లో ఆ తల్లి వాడికి గోరుముద్దలు తినిపిస్తుంది. మూడో రీల్లో మోసం బయటపడుతుంది, తాతగారు ప్రాణం వదుల్తారు, తల్లి వాణ్ణి మెడపట్టి గెంటుతుంది. నాలుగో రీల్లో క్షమాపణలు, శుభం. మేం మూడోది ముందు చూశాం, రెండోది తర్వాత చూశాం. తాతగారు మంచం మీద లేచి దగ్గగానే నాకు బజ్జీలు పెట్టుకున్న మూతలు గుర్తొచ్చాయి. ఆపి, "తప్పయిపోయిందండీ" అంటే సరిపోయేది. అనలేదు.

మా వాళ్ళకో అలవాటుంది. సినిమా అవగానే మైకు పెట్టి ఒక్కొక్కరు అభిప్రాయం చెప్పాలి. ప్రొఫెసర్ గారు ఊగిపోతూ లేచారు.

"మోసం మీద ఎన్ని సినిమాలు రాలేదండీ! అన్నిట్లోనూ తల్లి మోసపోతుంది, ఏడుస్తుంది. ఈ తల్లి చూడండి, వాడు దొంగకొడుకని తెలిసీ తెలిసీ అన్నం తినిపించింది! అదీ గొప్ప!"

హాలంతా చప్పట్లు. "మరి తాతగారు లేచారేమండీ?" అని ఎవరో అడిగారు. "ఫ్లాష్‌బ్యాక్! ఆమాత్రం తెలీదూ?" అన్నారు ప్రొఫెసర్ గారు.

అప్పుడు అక్కయ్యగారు లేచింది.

"ఆగండాగండి. ఇది ఇలా కాదు. ఇక్కడికొచ్చే ముందు మా అమ్మా నేనూ కలిసి చూసిన ఆఖరి సినిమా ఇది. గోరుముద్దల సీన్ ముందొస్తుంది, అక్కడే మా అమ్మ ఏడ్చింది. రీళ్ళు అటూ ఇటూ అయ్యాయేమో చూడరా సూరీ."

అందరూ నా వైపు తిరిగారు. నిజం చెబుదామనే నోరు తెరిచాను. వచ్చింది ఇది: "లేదక్కయ్యా, రీళ్ళు కరెక్టే. మీరు చూసి చాలా ఏళ్ళయింది కదా, మర్చిపోయుంటారు. ఇది డైరెక్టర్ గారి కొత్త టెక్నిక్."

"మా ఆవిడ ఈ మధ్య స్టవ్ కట్టేసిందో లేదో కూడా మర్చిపోతోందిలెండి!" అన్నారు వాళ్ళాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఛీ. అక్కయ్యగారు కళ్ళజోడు తుడుచుకుని కూర్చుంది.

మర్నాడు ఆదివారం. వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగిపోయింది.

"పప్పులో ఉప్పు వేశానా సూరీ?"

"వేశారక్కయ్యా, బ్రహ్మాండంగా ఉంది."

"ఏమోరా. అమ్మ ఏడ్చిన సీనే తప్పుగా గుర్తుందంటే ఇంక నాకేం గుర్తున్నట్టు?"

చెప్పెయ్యాలనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. "ఇంకాస్త పప్పు వెయ్యనా?" అంది. వేయించుకున్నాను. సిగ్గులేని వెధవని.

ఈలోగా ఆ డబ్బాలు డెట్రాయిట్ వెళ్ళాయి. అక్కడి ఆపరేటర్ మూతల్ని నమ్మే రకం కాదు, రీలు మొదట్లో ఫిల్ము మీదే రాసిన నంబర్లు చూసుకుని వేశాడు. అక్కయ్యగారి తమ్ముడు ఆ ఊళ్ళోనే ఉంటాడు. సినిమా చూసొచ్చి ఫోన్లో అక్కకి కథంతా వరసగా చెప్పాడు. ఇదేదీ నాకు తెలియదు.

పై ఆదివారం ప్రొఫెసర్ గారితో సహా అందర్నీ భోజనానికి పిలిచింది. అందరి కంచాల్లో పులిహోర, పప్పు, కూర. నా కంచంలో చిటికెడు వక్కపొడి.

"వేసుకో నాయనా," అంది.

వేసుకున్నాను. తర్వాత పెరుగన్నం పెట్టింది. దాని మీద చారు పోసింది. ఆ చారులో పప్పు వేసింది. అందరూ తినడం మానేసి నా కంచం వంకే చూస్తున్నారు.

"అదేమిటే, ఆ వడ్డనేమిటి?" అన్నారు వాళ్ళాయన.

"కొత్త టెక్నిక్," అంది నన్నే చూస్తూ. "తినరా సూరీ. భోజనం ఏ వరసలో చేస్తారో నేను మర్చిపోయుంటాను."

భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది. అమెరికాలో ఇళ్ళకి కార్పెట్లు, ఆ అవకాశమూ లేదు. తలొంచుకుని అందరి ముందూ చెప్పేశాను. "రీళ్ళు నేనే తారుమారు చేశానక్కయ్యా. మీకు అన్నీ సరిగ్గానే గుర్తున్నాయి. పరువు పోతుందని అబద్ధమాడాను."

ఆవిడ గరిటె పట్టుకునే కుర్చీలో కూర్చుంది. "అయితే అమ్మ అక్కడే ఏడ్చింది," అంది మెల్లగా. కళ్ళు తుడుచుకుని వాళ్ళాయన వైపు తిరిగింది. "విన్నారా? స్టవ్ కూడా ఆ రోజు నేను కట్టేశాను!"

ఆయన గబగబా పులిహోర తినడం మొదలుపెట్టారు. ప్రొఫెసర్ గారు మాత్రం వెలిగిపోయారు.

"నే చెప్పలా? మోసమని తెలిసీ అన్నం పెట్టే తల్లి ఉంటుందని!"

"ఉంటుందండీ," అంది అక్కయ్యగారు. "కాకపోతే పెరుగన్నంతో మొదలుపెడుతుంది."

ఆ కంచం మొత్తం ఊడ్చి తిన్నాను, చారూ పెరుగూ పప్పూ కలిపి. తిని, ఆ ఎంగిలి చేత్తోనే ఒట్టు వేశాను. ఈ జన్మలో ప్రొజెక్టర్ ముట్టను. బజ్జీలు దోసిట్లో పోయించుకుంటాను గాని డబ్బా మూతలో పెట్టించుకోను. ఎవరైనా లేచి "ఇది ఇలా కాదు" అంటే, వాళ్ళ మతిమరుపు సంగతి ఎత్తకుండా, ముందు నా చేతులకు నూనె అంటి ఉందేమో చూసుకుంటాను.