దూరమా అని మాత్రమే అడిగాం

నిన్న పొద్దున మనవరాలు గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు వేసుకుంటుంటే, "ఎక్కడికమ్మా, ఏ దారిన వెళ్తావు, ఎన్నింటికొస్తావు?" అని అడిగాను. అది తలెత్తకుండానే, "తాతా, ఇట్స్ ఆల్ ఆన్ యువర్ ఫోన్" అనేసి వెళ్లిపోయింది. ఫోన్లో ఒక నీలం చుక్క, లండన్‌లో మేముండే హౌన్స్‌లో పేట వీధుల్లో కదులుతూ కనబడింది. వంటింట్లో ఉన్న మా ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. బయల్దేరే మనిషిని ఎక్కడికని అడిగితే పని చెడుతుందని, పెళ్లయిన నాటి నుంచీ ఆ ప్రశ్న నా నోట రాగానే కసిరిన మనిషి ఆవిడ. ఇప్పుడు నేను అడగడం మరిచిపోతే గరిటె చేత్తోనే పరుగున వచ్చి తనే అడుగుతుంది.

మా ఈడు వాళ్లకు ఈ ఆచారం కొత్తగా చెప్పక్కర్లేదు. ఎక్కడికి అనకూడదు, తప్పనిసరైతే దూరమా అనాలి. వెళ్లేవాడు దగ్గరే అంటాడు. అంతటితో సరి.

నా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి భర్త, కార్డిఫ్‌లో సర్జను. నేను విమానాశ్రయం గోడౌన్లో సామాను ఎత్తినవాణ్ని, బడి మధ్యలో మానేసి, బస్సుల్లో అంటించిన ప్రకటనలూ లైబ్రరీ కరపత్రాలూ చదివి ఇంగ్లీషు కూడబలుక్కున్నవాణ్ని. అయినా ఆయన నన్ను అన్నయ్యగారూ అని పిలిచినప్పుడు అందులో ఎప్పుడూ వెలితి వినబడలేదు. నారింజపండు తొక్క ఎక్కడా తెగకుండా ఒకే చుట్టగా ఒలిచి నా చేతిలో పెట్టేవాడు. ఆ వేళ్లు చూస్తే నాకు ముచ్చటేసేది.

ఒక ఏడు మార్చి నెలాఖరులో, ఆసుపత్రి డ్యూటీల రోటాలో ఆయనకు నాలుగు రోజులు సెలవు దొరికితే, మేం నలుగురం కారేసుకుని స్కాట్లాండు కొండల్లో స్కీయింగు చేసే చోటికి వెళ్లాం. ఆడవాళ్లకు మంచు చూడాలని, ఆయనకు స్కీయింగు నేర్చుకోవాలని. నాకైతే కారులో కూర్చుని ఫ్లాస్కులో టీ తాగడమే సుఖం. ఆయన మహా జాగ్రత్త మనిషి. హెల్మెట్ అద్దెకు తీసుకున్నాడు, మంచు మీద ఎండ మొహం మాడ్చేస్తుందని క్రీము రాసుకున్నాడు, మాకూ రాయించాడు. నేర్పే అమ్మాయి అందరినీ నిలబెట్టి చెప్పింది: ఈ రోజుల్లో మంచు పొద్దున గాజులా ఉంటుంది, మధ్యాహ్నానికి తడిసిన పంచదారలా జావగారుతుంది, నీడ పడగానే మళ్లీ గట్టిపడి జారుతుంది; పాతిన కర్రలు దాటి వెళ్లకండి; వెళ్లేముందు ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఎవరికైనా చెప్పండి. అదే మాట కార్ పార్కులో బోర్డు మీద కూడా ఉంటే, అలవాటు కొద్దీ పైకి చదివాను. నలుగురం విన్నాం.

మధ్యాహ్నం కారులో పులిహోర తిన్నాక ఆయన స్కీలు తిరిగి ఇచ్చేశాడు. కాసేపు నడిచొస్తానని లేచాడు. పొద్దుటి హెచ్చరికలన్నీ స్కీయింగు చేసేవాళ్లకే అనుకున్నాడో ఏమో. నేను "ఎక్క..." అనబోతే మా ఆవిడ నా మోచేతి మీద గట్టిగా గిల్లి, నవ్వుతూ ఆయన్ని అడిగింది.

"దూరమా, మరిదిగారూ?"

"దగ్గరే వదినగారూ, ఇట్టే వచ్చేస్తా. అన్నయ్యగారు పులిహోరంతా కానిచ్చేయకుండా చూడండి."

మా మరదలు ఎదురొచ్చి నిలబడింది, శకునం బాగుండాలని. ఆయన వెళ్లిన కాసేపటికి ఎండ పోయి పొగమంచు దిగింది, ఎదుటి కారు కూడా కనబడలేదు. ఆయన ఫోను అందలేదు. కొండ మీద తప్పిపోయిన వాళ్లను వెతికే దళం వచ్చేసరికి పొద్దు వాలుతోంది. వాళ్ల పెద్ద, గడ్డం మీద తడి తుడుచుకుంటూ, ఎటు వెళ్లాడమ్మా అని మరదల్ని అడిగాడు. ఆ పిల్ల మా ఇద్దరి మొహాలూ చూసి, "హీ సెడ్ ఇట్ వాజ్ నియర్" అంది. నియర్ టు వాట్, అన్నాడాయన మెత్తగానే. "వీ డోంట్ ఆస్క్" అంది మరదలు. ఆయన కోప్పడలేదు, నవ్వలేదు. కుడికీ ఎడమకీ చూశాడు, రెండు వైపులా ఒకటే తెలుపు. ఎక్కువమంది నడిచే దారి కదా అని ముందు ఎడమవైపు లోయలోకి వెళ్లారు.

మా తోడల్లుడు కుడివైపు లోయలో ఉన్నాడు. అటు గడ్డకట్టిన చెరువొకటి ఉందని పొద్దున ఎవరో అంటే చూద్దామని వెళ్లి, ఫోటో కోసం చేతి తొడుగు తీసి, నీడలో గట్టిపడ్డ మంచు మీద కాలు జారాడు. చీలమండ విరిగింది, తొడుగు ఎటో దొర్లిపోయింది. అవతలి లోయలో తన కోసం ఊదిన ఈలలు వినబడుతూనే ఉన్నాయట, తన కేక మాత్రం అటు చేరలేదట. తెల్లారాక దొరికాడు. ప్రాణం దక్కింది గానీ, రాత్రంతా చలికి గడ్డకట్టిన కుడిచేతి వేళ్లు దక్కలేదు.

తర్వాత వెంబ్లీలో ఒక శుభకార్యానికి వెళ్తే, తెలిసిన ఒకావిడ నా ముందే, అలా రాసిపెట్టి ఉంది అంకుల్, అంది. నాకు ఒళ్లు మండింది. రాసిపెట్టి ఉన్నది కార్ పార్కులో బోర్డు మీదమ్మా, తెలుగువాళ్లం నలుగురం చదివాం, అన్నాను. ఆవిడ నొచ్చుకుంది. నొచ్చుకోనీ. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఇప్పటికీ అంతే మండుతుంది.

అయినా ఆ ఆచారం పెట్టిన పెద్దల్ని తిట్టడానికి నోరు రాదు. మా ఊళ్లో మనిషి దగ్గరే అని గడప దాటితే, అరుగు మీద ముసలాయన, బావి దగ్గర ఆడవాళ్లు, చెప్పులు కుట్టే అతను, అందరూ అతను ఏ సందు తిరిగాడో చూసేవారు. ఇంట్లోవాళ్లు అడగకపోయినా ఊరికి తెలిసేది. ఆ కొండ మీద అరుగుల్లేవు. మాటను మాత్రం వెంట తెచ్చుకున్నాం, ఆ కళ్లను తెచ్చుకోలేకపోయాం.

పోయిన నెల కార్డిఫ్ వెళ్లినప్పుడు, సాయంత్రం ఆయన వీధి చివరి పార్కుకు బయల్దేరాడు. మా మరదలు కింద కూర్చుని ఆయన బూట్ల లేసులు కడుతోంది. ఆయన గోడకేసి చూస్తూ, ఏ వీధిన వెళ్లేదీ, ఎక్కడ మలుపు తిరిగేదీ, ఎన్నింటికి తిరిగొచ్చేదీ పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. చెప్పి, ఆవిడ సరే అనేదాకా కదల్లేదు. పార్కు ఆ ఇంటి కిటికీలోంచి కనబడుతూనే ఉంది. దగ్గరే అన్న మాట మాత్రం మా రెండిళ్లలోనూ ఎవరి నోటా రాదు.