జర్మనీవాడు ఒప్పుకోడు

తుని ఊరి చివర, హైవే పక్కన మసాలా పొడుల మిల్లు నడిపే కుక్కుటేశ్వరరావుగారికి భయపడటం తప్ప ఇంకో పని సరిగ్గా రాదు. ఫోను మోగితే ఉలిక్కిపడతారు. మోగకపోతే మరీ బెంగపడతారు. ఆయన పసుపు కంటైనరు విశాఖపట్నంలో ఓడెక్కిన దగ్గర్నుంచీ అవతలి రేవులో దిగేదాకా టీవీలో వాతావరణ వార్తలు తప్ప మరొకటి పెట్టనివ్వరు. ఏ సముద్రంలో అల్పపీడనం పుట్టినా తునిలో ఆయన బీపీ బిళ్ల వేసుకుంటారు.

"అంత పెద్ద ఓడ ఎందుకు మునుగుతుందండీ?" అని భార్య ధైర్యం చెబితే, "పెద్దవైతే ఇంకా లోతుకి మునుగుతాయే!" అంటారు.

ఆయన భయాలన్నిటిలోకీ పెద్దది, జర్మనీవాడు. మిల్లులో ఆడిన పసుపు, కారం, ధనియాలపొడి కొనే కంపెనీ ఆ దేశంలో ఉంది. అక్కడ ఎంతమంది పనిచేస్తారోగానీ ఆయన మనసులో ఉన్నది మాత్రం ఒక్కడే. ఆరడుగుల పైన పొడవు. నవ్వడు. జర్మనీలో కూర్చుని తునిలో ఎవరు తుమ్మారో కనిపెట్టేస్తాడు.

కాకినాడలో ఫుడ్ టెక్నాలజీ చదివి, మిల్లులో క్వాలిటీ చూసే ఉద్యోగానికి వచ్చిన లావణ్యకి మొదటిరోజే అతగాడి పేరు వినబడింది. మిరపకాయలు ఆడే గదిలోంచి కుక్కుటేశ్వరరావుగారు ఆడకూలీలను బయటికి తోలేస్తున్నారు.

"లేవండి, లేవండి! కాసేపు చెట్టుకింద కూచుని గాలి పీల్చుకోండి. జర్మనీవాడు ఒప్పుకోడు!"

"ఒక్క బస్తా ఉందండి బాబూ, ఆడేసి పోతాం," అంది చిన్నమ్మాయి. పేరుకే చిన్నమ్మాయి, ముగ్గురు మనవల నాయనమ్మ.

"నీ బస్తా కోసం నా కొంప ముంచుతావా? మనిషి అలిసిపోతే పొడికి చెమట వాసన పడుతుందంట. వాడు పసిగట్టేస్తాడు!"

ముక్కుకి మంచి మాస్కు లేకపోతే జర్మనీవాడు ఒప్పుకోడు. పొద్దున్నా మధ్యాహ్నమూ మజ్జిగ తాగకపోతే ఒప్పుకోడు. కడుపుతో ఉన్న హారతిని కారం గదిలోంచి తప్పించి, ఫ్యాను కింద లేబుళ్లు అంటించే పనిలో కూర్చోబెట్టారు. అదేంటని అడిగితే, "లేబుల్ వంకరపోతే వాడికి ఒళ్లు మండిపోతుంది. హారతి చెయ్యి నిదానం," అన్నారు. ఈ జర్మనీవాళ్లు ఎంత పట్టింపు మనుషులో అని లావణ్య లోలోపల ఆశ్చర్యపోయింది.

ఈ ఖర్చులు చూసి ఒళ్లు మండేది మాత్రం వెంకటరత్నంగారికి. ఆయన కుక్కుటేశ్వరరావుగారి అక్కమొగుడు, మిల్లులో సగం వాటాదారు.

"మజ్జిగేంటయ్యా కుక్కుటేశ్వరం! ఇది మిల్లనుకున్నావా, పెళ్లివారి విడిదనుకున్నావా?"

"నాదేముంది బావగారూ! జర్మనీవాడు..."

అంతే. ఆ పేరు వింటే వెంకటరత్నంగారు కూడా కండువా దులుపుకుని వెళ్లిపోయేవారు.

అలా సాగుతుండగా ఒకరోజు మెయిలొచ్చింది. కంపెనీ మనిషి స్వయంగా మిల్లు చూడటానికి వస్తున్నారు. నచ్చితేనే ఇకముందు సరుకు కొంటారు.

కుక్కుటేశ్వరరావుగారికి ముద్ద దిగడం మానేసింది. పెద్దాపురం వెళ్లి మరిడమ్మ తల్లికి మొక్కుకుని వచ్చి, నేరుగా లావణ్య టేబుల్ దగ్గర నిలబడ్డారు.

"రాకుండా ఆపలేమా అమ్మా? ఇక్కడ వరదలొచ్చాయని రాయి."

"రాలేదు కదండీ!"

"వస్తాయేమో!"

ఆయన భయం అంటుజాడ్యంలా మిల్లంతా పాకింది. లావణ్యకి కలలో ధనియాలపొడిలోంచి బల్లి తొంగిచూసింది. చిన్నమ్మాయి తన జుట్టు పొడిలో పడుతుందేమోనని మూడు గుడ్డలు చుట్టుకుంది. మిల్లు మూతపడితే ఇంతమందికీ పనెక్కడ దొరుకుతుందన్నది ఎవరూ పైకి అనలేదుగానీ, అందరి మొహాల్లోనూ అదే ఉంది.

ఆ రోజు రానే వచ్చింది. కారు ఆగింది. అందులోంచి బొద్దుగా, పొట్టిగా ఉన్న ఒకావిడ దిగి, నవ్వుతూ నమస్కారం పెట్టింది.

"జర్మనీవాడేడమ్మా?" కుక్కుటేశ్వరరావుగారు గొంతు తగ్గించి లావణ్యని అడిగారు.

"ఈవిడేనండి."

ఆయన నమ్మలేదు. కారు వెనక్కి కూడా వెళ్లి చూసి వచ్చారు.

ఆవిడ గోదాము, జల్లెడలు, మిషన్లు అన్నీ తిరిగి చూసింది. ఆవిడ ఇంగ్లీషును లావణ్య తెలుగులో చెబుతోంది. అప్పుడే కారం గదిలో మిషను ఆగింది. ఆడవాళ్లంతా బయటికొచ్చి మజ్జిగ గ్లాసులు అందుకున్నారు. పని ఎందుకు ఆపారని ఆవిడ అడిగింది. మీరు పెట్టిన రూలే కదా మేడమ్ అని లావణ్య గర్వంగా చెప్పింది.

"మేమా? మేమెప్పుడూ ఇలాంటిది అడగలేదే!" అందావిడ ఇంగ్లీషులో.

లావణ్య గిరుక్కున వెనక్కి తిరిగింది. కుక్కుటేశ్వరరావుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. అయితే ఆయన బిక్కుబిక్కుమంటూ చూస్తున్నది ఆవిడని కాదు, వెనకాలే నిలబడ్డ బావగారిని. ఆ తరవాత చిన్నమ్మాయి చేతిలోని గ్లాసుని. లావణ్యకి ఒక్కసారిగా అంతా అర్థమైపోయింది.

"ఏంటంటోంది? మజ్జిగ గురించేనా?" వెంకటరత్నంగారు ముందుకొచ్చారు. ఆయనకి ఇంగ్లీషు అంతంతమాత్రం.

లావణ్య జీవితంలో మొదటిసారి అనువాదం తప్పు చెప్పింది.

"మజ్జిగలో అల్లం ఎందుకు వెయ్యలేదని అడుగుతున్నారండి."

వెంకటరత్నంగారు హడలిపోయారు. "వేస్తామని చెప్పమ్మా! రేపట్నుంచే వేస్తాం! కరివేపాకు కూడా వేస్తామని చెప్పు!"

ఆయన ఏమన్నారని ఆవిడ అడిగింది. లావణ్య పక్కకి తీసుకెళ్లి నిజం చెప్పేసింది. ఈ రూల్సన్నీ మా సార్ సొంతంగా పెట్టినవి మేడమ్, మీ పేరు చెప్పి నడిపిస్తున్నారు. ఆవిడ కుక్కుటేశ్వరరావుగారి వంక చూసి నవ్వింది. తరవాత వెళ్లి చిన్నమ్మాయి పక్కన అరుగు మీద కూర్చుని, తనకీ ఒక గ్లాసు కావాలని చెయ్యి చాపింది.

పదిరోజుల్లో ఆర్డరు వచ్చింది. ఆ సాయంత్రం లావణ్య ఉండబట్టలేక అడిగింది.

"ఆ రూల్సేవో మీ పేరుతోనే పెట్టొచ్చు కదండీ? మీ మిల్లేగా!"

"బావగారికి ఎదురు చెప్పడమే? అమ్మో! నాకు భయమమ్మా," అన్నారాయన, నిజంగానే వణుకుతూ.

తరవాత గోడ గడియారం చూసి గాభరాపడ్డారు. "ఇంకా ఇక్కడే ఉన్నావేంటి? చీకటి పడితే ఆడపిల్ల బస్సులో వెళ్లకూడదు. మిల్లు కారులో దింపమని చెబుతాను. లేకపోతే జర్మనీ..."

నాలిక్కరుచుకున్నారు. ఈ అమ్మాయి దగ్గర ఇక ఆ పేరు చెల్లదు. దిక్కులు చూసి, ఒక్క క్షణం ఆలోచించి,

"జపానువాడు ఒప్పుకోడు!" అన్నారు.

ఆ మిల్లునుంచి జపానుకి ఇంతవరకూ చిటికెడు పసుపు కూడా వెళ్లలేదు. లావణ్య బ్యాగు తీసుకుని వెళ్లి కారెక్కింది.