మాన్‌సింగ్ రాజు దుముకు

భయం ఎక్కడ పుడుతుందో పెద్దలు రకరకాలుగా రాశారు. కడుపులో అన్నారు, వెన్నులో అన్నారు. కమ్లీకి మాత్రం తన దగ్గర చదివే ఒక పిల్ల కుడి చేతిలో పుట్టింది.

కమ్లీది మహబూబాబాద్ అవతలి తండా. భూపాలపల్లిలో ఆడపిల్లల హాస్టల్ బడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. చదరంగం నేర్పేవాళ్లు లేక, పిల్లలతో ఆడే కంప్యూటర్ బాట్‌లను తనే తయారుచేసింది. ఒకదాని ఏనుగు కుంటిది, మూడు గళ్లు మించి పోదు. పిల్లలు ఎదుటివాడి బలహీనత వెతకడం నేర్వాలని. ఇంకోదాని బంట్లు వెనక్కీ నడుస్తాయి, అది నవ్వుకోవడానికి. మూడోదాని పేరు మాన్‌సింగ్. అది కమ్లీ తండ్రి పేరు; ఆ బాపు చనిపోయాడు.

చదరంగం ఊరు మారితే నడక మారుతుంది. కాళేశ్వరంలో బస్సు కోసం కూర్చున్న యాత్రికులు ఆడుతుంటే చూశాను, బంటు మొదటి ఎత్తుకైనా ఒక్క గడే జరిగేది. కమ్లీ బాపు ఆడిన ఆటలో, ఆపదొస్తే రాజు ఆటకు ఒక్కసారి గుర్రంలా దుమకొచ్చు. బాపు మీది ప్రేమతో కమ్లీ ఆ దుముకును బాట్‌కూ ఇచ్చింది, దాంతో ఆడే పిల్లలకూ ఇచ్చింది. తప్పు అక్కడ జరిగింది.

రేగొండ పిల్ల పల్లవి, తొమ్మిదో తరగతి, రోజూ మాన్‌సింగ్‌తోనే ఆడింది. జనగామలో రాష్ట్ర పోటీకి ఎంపిక జరిగింది. చివరి ఆట ఓడకుంటే చాలు, చోటు దొరుకుతుంది. ఇరవయ్యో ఎత్తులో చెక్ పడగానే పల్లవి రాజును దుమికించి గడియారం నొక్కింది.

రెఫరీ దయాకర్ వచ్చి రాజును వెనక్కి పెట్టించాడు. "గిదేం నడక బిడ్డా? ఇంకోసారి గిట్ల చేస్తే ఆట పోయినట్టే."

ఆటగాళ్ల చుట్టూ కట్టిన తాడును ఇవతల నుంచి కమ్లీ గట్టిగా పట్టుకుంది. మాట్లాడకూడదు, సైగ చేయకూడదు.

"ఏమైంది మేడం, తాడు గట్ల పట్టుకున్నరు?" పిల్లలకు తోడొచ్చిన వంటామె సాలమ్మ గుసగుసగా అడిగింది.

"గాడ మా బాపు ఆడుతుండు అక్కా."

"సచ్చిపోయిండంటిరి గద."

"గదే పరేషాన్."

ముప్పై ఎనిమిదో ఎత్తులో మళ్లీ చెక్ పడింది. రెఫరీ రద్దుచేశాడు కాబట్టి, ఒక్కసారి దక్కే ఆ దుముకు ఇంకా మిగిలే ఉందని పల్లవి చేతి లెక్క. ఆ కుడి చెయ్యి లేచి రాజు మీద గద్దలా ఆగింది. గుర్రపు దూరంలో గడి ఖాళీగా ఉంది; దుమికితే రాజుకు ఏ ఆపదా లేదు. అంత మంచి గడి అవడమే కమ్లీకి ప్రాణం మీదికొచ్చింది. కళ్లు మూసుకుంది.

"కండ్లు తెరువుండ్రి," అంది సాలమ్మ.

పల్లవి కుడి చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చుంది. ఎడమ చేత్తో ఒంటెను అడ్డం జరిపింది. అక్కణ్ణుంచి ఎడమ చేత్తోనే ఆడి, ఆటను సమానం చేసుకుంది. చోటు దొరికింది.

బస్సులో కమ్లీ అడిగింది. "ఎడమ చెయ్యి ఎందుకే?"

"మాన్‌సింగ్ తాతతోని ఆడేటప్పుడు మౌసు కుడి చేత్తోనే పట్టుకుంట గద మేడం. గా చేతికి ఆయన ఆటే వచ్చు. ఎడమ దానికి ఏదీ రాదు. జర ఆగి నన్ను అడుగుతది."

"నేను గా బాట్‌నే తీసేస్త."

"తాతను తీసెయ్యకుండ్రి."

తీసేయలేదు. పిల్లలకిచ్చిన దుముకును మాత్రం వెనక్కి తీసుకుంది. ఇప్పుడు దుమికేది మాన్‌సింగ్ ఒక్కడే. ఎప్పుడు దుముకుతాడోనని పిల్లలు బెదురుతూ ఆడుతున్నారు. రాష్ట్ర పోటీకి ఇంకా పదకొండు రోజులున్నాయి. పల్లవి అన్నం తింటున్నా, జడ వేసుకుంటున్నా, కమ్లీ ఆ కుడి చేతినే చూస్తోంది.