ఎడమ చెవికి వినపడిన మాట

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వేవాడిని. పన్నెండేళ్లు మగ్గాల మధ్య రాత్రి పాళీలు చేశాను, ఒక్కనాడూ ఏమీ కనపడలేదు. నేను చదివింది మూడో తరగతి. రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే ఏమనుకోకండి, జరిగింది మాత్రం ఇదే.

మాది సిరిసిల్ల వైపు. సూరత్‌లో అమ్రోలిలో ఉంటాం. పవర్‌లూమ్ చప్పుడుకు నా ఎడమ చెవి పోయింది, కుడిది సగమే. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకునేవాడిని. కరోనాకు అందరూ మాస్కులు కట్టాక అదీ పోయింది.

మొదటి లాక్‌డౌన్ ముగిసి మ్యూజియాలు తెరిచాక, ఒక సెలవునాడు పగటిపూట తాపీ నది ఒడ్డున కోటలో ఉన్న మ్యూజియానికి వెళ్లాం. నేను, నా భార్య లక్ష్మి, ఆరేళ్ల బిడ్డ పింకీ. ఫిరంగులు చూస్తానని బిడ్డ ఒకటే పోరు.

గేటు దగ్గర కాపలా అతను నా మీద అరిచాడు. ఏమన్నాడో తెలియక నిలబడితే నెట్టబోయాడు.

"మాస్కు ముక్కు మీదికి గుంజుకోమంటుండు. నీతోని వస్తె తిట్లన్నీ నాకే ఇనవడ్తయి," అంది లక్ష్మి నా కుడి చెవి దగ్గరికొచ్చి.

లోపల లక్ష్మి ముందు గదిలోనే ఆగింది. కత్తులు, తుపాకులు పెట్టిన గదిలో నేనూ బిడ్డా మాత్రమే ఉన్నాం. బిడ్డ నా ఎడమ పక్కన ఉంది. దాని కుడి చెయ్యి నా చేతిలో ఉంది.

అప్పుడు నా ఎడమ చెవిలో ఎవరో మాట్లాడారు. నోరు ఆనించినట్టు, మెల్లగా, కోపంగా. మా ఊరి మాటే.

"పొల్లను ఈడ ఇడ్సిపెట్టి పో."

తిరిగి చూస్తే అద్దాల వెనక కత్తులే ఉన్నాయి. బిడ్డను లాగాను. కదల్లేదు. రోజూ బట్ట తాన్లు భుజం మీద మోసేవాడిని, ఆరేళ్ల పిల్లను కదిలించలేకపోయాను. దాని ఎడమ చెయ్యి పక్కకు చాపి బిగుసుకుని ఉంది.

"బాపూ, నా ఆ చెయ్యి ఇడ్సిపెట్టమను," అని ఏడుస్తూ గట్టిగా అరిచింది.

బలమంతా పెట్టి గుంజాను. ఒక్కసారిగా వదిలినట్టయి ఇద్దరం కింద పడ్డాం. లక్ష్మి పరుగెత్తి వచ్చింది. కాపలా అతనూ వచ్చి, గోల చేస్తున్నామని మమ్మల్నే తిట్టి బయటకు పంపాడు. ఆ గదిలోకి ఇంకెవరూ వెళ్లలేదని లక్ష్మితో అన్నాడట.

ఎండలో చూస్తే బిడ్డ మణికట్టు ఎర్రగా కమిలి ఉంది. నేను పట్టుకున్నది కుడి చెయ్యి. కమిలింది ఎడమది.

తర్వాత చెవుల డాక్టరు మెషిన్ పెట్టి చూశాడు. ఎడమ చెవికి ఏ శబ్దమూ వినపడదని కాగితం రాసిచ్చాడు. ఆ కాగితం ఇంట్లోనే ఉంది. డాక్టరు చెప్పింది అబద్ధం కాదు. నేను విన్నదీ అబద్ధం కాదు. రెండూ ఎట్లా నిజమో నాకు ఇప్పటికీ తెలియదు.

బిడ్డ ఇప్పుడు పెద్దదైంది. అయినా నడుస్తూ నా ఎడమ పక్కకు వస్తే, చెయ్యి పట్టి కుడి పక్కకు తెచ్చుకుంటాను.