ఖాజా భాయ్ పెట్టిన పేరు

రిటైర్మెంటుకు పద్నాలుగు నెలల ముందు, కొవిడ్ తగ్గిన ఏడాది జూన్‌లో, పాతబస్తీలోని మా లోహ పరికరాల కర్మాగారం నన్ను కోబాల్ మార్పిడి పనిమీద వేసింది. అప్పటికి నేను సీనియర్ సిస్టమ్స్ ఆఫీసర్ని. కోబాల్ అనే పాత భాషలో ఉన్న మా డ్యూటీ జాబితా ప్రోగ్రామును ఒక సాఫ్ట్‌వేర్ సాధనం చదివి, జావాలోకి తిరగరాస్తుంది. అది సరిగ్గా రాసిందని సంతకం చేయాల్సింది నేను.

ఆ సాధనం మీద నాకు మొదటి రోజు నుంచీ గురి లేదు. ముప్పై ఏళ్ల ప్రోగ్రామును ఒక్క పూటలో మార్చేశానంటే ఎవరు నమ్ముతారు? అది రాసిన ప్రతి వరుసనూ పాతదాని పక్కన పెట్టుకుని, ఎర్ర సిరాతో టిక్కు కొడుతూ చదివాను. సాధనం అమ్మిన కంపెనీ తరఫున వచ్చిన ఇంజనీరు నస్రీన్ ఓపిగ్గా కూర్చునేది. పాపం, ఆమెనూ అనుమానించాను.

ఆ ప్రోగ్రాములో అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఒకటుంది. ఇనుమును కడిగే యాసిడ్ షెడ్డులో నిన్న పనిచేసిన మనిషిని ఇవాళ అక్కడికి పంపకూడదు. ఆ ఆవిరి ఊపిరితిత్తులను పాడుచేస్తుంది.

ప్రోగ్రాములో ఒక్కో వివరానికి ఒక్కో పేరు పెడతారు; తనకు అంతుపట్టని పేర్లకు సాధనం అర్థాలు అడుగుతుంది. ప్రోగ్రాము రాసి రిటైరైన ఖాజా భాయ్ పేర్లన్నీ ఉర్దూలో పెట్టాడు. ఆ అర్థాల పట్టిక నేనే నింపాను. నాది తెనాలి వైపు. అయినా హిందీ పరీక్షలు పాసైనవాణ్ణి. ఇంకొకర్ని అడగడానికి అహం అడ్డొచ్చింది.

తర్వాత రెండు వారాలు పాత, కొత్త ప్రోగ్రాములను పక్కపక్కనే నడిపాం. డ్యూటీ జాబితాల్లో ఒక్క మనిషి పేరూ తేడా రాలేదు. అంత చక్కగా కలవడమూ నాకు అనుమానంగానే ఉంది. ఆధారం చూపమన్నాడు మేనేజర్. చూపలేక సంతకం చేశాను.

పాతది ఆపేసిన మూడో రోజు ఉదయం షెడ్డు కార్మికుడు యాదయ్య దగ్గుతూ నా గదికి వచ్చాడు.

"సెలవు మీదికెల్లి నిన్ననే వచ్చిన సార్. సత్తన్న బదులు షెడ్ల చేసిన. ఇయ్యాల మల్ల నా పేరే వచ్చింది. ఛాతిల మంట పుడుతున్నది. పోవాల్నా?"

వద్దని అతన్ని డిస్పెన్సరీకి పంపాను. నస్రీన్‌ను పిలిపించి, మీ సాధనం మనిషి ప్రాణం మీదికి తెచ్చిందని గట్టిగానే అరిచాను. ఆమె పట్టిక తీసింది. 'కల్-షెడ్' అనే పేరు ఎదురుగా, 'రేపటి షెడ్డు డ్యూటీ' అని నా చేతిరాత.

"కల్ అంటే నిన్న గూడ సార్. ఖాజా చాచా కిషన్‌బాగ్‌లనే ఉంటడు. ఒక్క ఫోన్ చేస్తే చెప్పేటోడు," అంది.

నాకు తెలియక కాదు. మాదన్నపేట కూరగాయల మార్కెట్లో 'కల్ ఆనా', రేపు రా, అన్న మాట విని విని, కల్ అంటే రేపేనని చెవికి అలవాటైంది. సాధనం నేను చెప్పినట్టే చేసింది. నిన్నటి హాజరు చూడాల్సిన చోట రేపటి డ్యూటీ చూసింది. షెడ్డులో డ్యూటీ రోజు విడిచి రోజు కాబట్టి, నిన్న ఉన్నవాడు రేపూ ఉంటాడు. అందుకే ఆ రెండు వారాలూ జాబితాలు కలిశాయి. యాదయ్య నిన్న ఒక్కరోజే బదులు చేశాడు, రేపటి డ్యూటీలో అతని పేరు లేదు; దాంతో తప్పు బయటపడింది.

తప్పు నాదేనని మేనేజర్‌కు రాసిచ్చాను. నస్రీన్‌కు అందరి ముందూ క్షమాపణ చెప్పాను. చాలా సిగ్గుపడ్డాను. సాధనం రాసిన ప్రతి వరుసనూ అనుమానించిన నేను, నా కాగితాన్ని మాత్రం ఎవరిచేతా చదివించలేదు.

యాదయ్యకు పది రోజుల్లో దగ్గు తగ్గింది. పనిలోకి వచ్చాక, షెడ్డుకు పోయే ముందు నా గది గుమ్మంలో నిలబడి, "ఇయ్యాల డ్యూటీ పేపర్ మీరు గాక ఇంకెవరు చూసిన్రు సార్?" అని అడిగేవాడు. చూసినవాళ్ల పేరు చెప్పాకే కదిలేవాడు. తనిఖీ అంటే అదే.